నాయిన భాగోతం కింద గీత

మొన్న శామీర్‌పేటలో మా మనవరాలు కంప్యూటర్‌లో వ్యాసం కొడుతూ, పుస్తకం పేరు రాగానే అక్షరాలను పక్కకు వాల్చింది. మన కాలంలో పేరు కింద బద్ద పెట్టి గీత గీసేవాళ్లం, గుర్తుందా మిత్రులారా? ఆ చెక్క బద్ద గీతల కంటే మన అరచేతుల మీదే ఎక్కువ అరిగింది, అది వేరే సంగతి.

బడిలో తెలుగు సారు రాయమన్న ‘నాకు నచ్చిన నాటకం’ అనే వ్యాసంలో నేను మా నాయిన కట్టిన భాగోతం గురించి రాసి, ‘మల్కమ్మ పంతం’ అన్న దాని పేరు కింద గీత గీశాను. నాయినకు చదువు రాదు, అంతా నోటితోనే కట్టాడు. పక్కన కూర్చునే యాదగిరి నవ్వాడు.

“అచ్చుగాని దానికి గీతేందిరా? సారు గా పేరే కొట్టేస్తడు జూడు.”

దిద్దుతూ సారు సరిగ్గా అక్కడే ఆగారు.

“ఎవరు రాసిన్రురా గిది?”

“రాయలే సార్. మా నాయిన కట్టిండు. లాల్‌గడి మలక్‌పేట్‌ల ఊరంత జూసిన్రు.”

“ఊరంత జూసినంక అచ్చుగాకుంటేంది? గీత వంకర బోయింది, సక్కగ గియ్యి.”

సాయంత్రం పొలం నుంచి వచ్చిన నాయినకు చూపించాను.

“గీ గీత ఏంది బిడ్డా?”

“పుస్తకాల పేర్ల కింద గిట్లనే గీస్తరు నాయినా.”

ఆయన వెళ్లి చేతులు కడుక్కొని, తుడుచుకొని వచ్చి, అప్పుడు ఆ కాగితం అందుకున్నాడు.