అచ్చులో రాని వరుస

మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మా క్వాలిటీ సార్ ఏ కాగితాన్నీ నమ్మేవాడు కాదు. గుజ్జు తయారీ వివరాలను నేను మామూలు ఫైల్లో, ఏది శీర్షికో ఏది పట్టికో తెలిపే నాలుగు గుర్తులు పెట్టి రాసుకుంటే, కంప్యూటరే దాన్ని చక్కటి స్పెసిఫికేషన్‌గా మార్చి అచ్చు వేసేది. మీట నొక్కడం తప్ప అందులో నా గొప్ప లేదు.

"ఇంత అందంగా ఉండాదంటే ఏందో దాస్తాండాదప్పా," అంటూ సార్ ఫైలునూ అచ్చునూ పక్కపక్కన పెట్టి, వరుస వరుసకీ స్కేలు జరిపేవాడు.

ఒకసారి స్కేలు ఆగింది. "గుజ్జు ఎంత వేడిలో కాచాలో రాసిన వరుస యాడ?"

ఫైల్లో ఉంది, అచ్చులో లేదు. పొరపాటున దాని ముందు నేను పెట్టిన గుర్తుకు 'దీన్ని అచ్చు వేయొద్దు' అని అర్థం. ఆ కాగితం చూసే మావాళ్లు గుజ్జు కాచేది. సార్ పట్టుకోకపోతే సీజన్ సరుకంతా పులిసిపోయేదే.

"కంప్యూటర్ తప్పు సార్," అన్నాను.

"అది నువ్వు చెప్పినట్టే చేసిందప్పా. పాపం, ఇన్నాళ్లూ దాన్ని అనుమానించినాను," అంటూ సార్ కుర్చీ నా పక్కకు లాక్కున్నాడు.