ముందస్తు గుండు

సాఫ్ట్‌వేర్ సర్టిఫికేషన్ పరీక్ష రాయబోయేవాళ్ళకు సలహాలిచ్చేవాళ్ళు ఊరినిండా ఉన్నారు. ఏ పుస్తకం చదవాలో, ఏ ప్రశ్న దగ్గర ఎంతసేపు కూర్చోవాలో, ముందురోజు రాత్రి ఏం తినాలో కూడా చెబుతారు. తల గురించి మాత్రం ఎవరూ చెప్పరు. తల లోపలి సంగతి కాదు నేనంటున్నది, పైది. ఆ ఒక్క సలహా అందక నేను ఎలా నాశనమయ్యానో చెబుతాను. నవ్వుకోండి, పరవాలేదు. మా ఆఫీసువాళ్ళు నవ్వి నవ్వి అలిసిపోయారు, ఇక మీ వంతు.

అప్పట్లో నేను తిరుపతిలోనే ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ణి. పనిచేసేవాణ్ణి అంటే కంపెనీవాళ్ళు ఒప్పుకోరేమో, జీతం తీసుకునేవాణ్ణి. అలా హాయిగా ఉండగా ఒక విదేశీ ప్రాజెక్టు వచ్చింది. క్లౌడ్ సర్టిఫికెట్ ఉన్న మనిషే దానికి లీడ్‌గా ఉండాలని వాళ్ళు షరతు పెట్టారు. మా మేనేజరు మునిరత్నం గారు నన్నూ, నా తర్వాత చేరిన భార్గవినీ గదిలోకి పిలిచారు.

"నెలాఖరులోగా ఎవురు పాసైతే వాళ్ళే లీడు. ఇద్దురూ తప్పినారంటే బయట్నించి మనిషిని తెస్తా. ఆమీట నన్ను అడగబాకండి."

నాకు ఆ కుర్చీ కావాలి. ఊరికే కాదు, ఆకలేసినవాడికి అన్నం కావలసినట్టు కావాలి. ఎందుకంటే మా నాయన నన్ను ఎవరికి పరిచయం చేసినా "మావోడు ఏదో కంప్యూటర్ల పక్కన ఉంటాడు" అనేవాడు. వాచ్‌మన్ గురించి చెప్పినట్టుండేది. అదే నోటితో "మావోడు లీడు" అంటుంటే ఒక్కసారి వినాలని నా కోరిక.

భార్గవి చదవడం మొదలుపెట్టింది. నేను సన్నాహాలు మొదలుపెట్టాను. ఈ రెండింటికీ ఎంత తేడా ఉందో నాకప్పుడు తెలియదు. నేను కొత్త కుర్చీ కొన్నాను, కళ్ళకు చలవ అద్దాలు కొన్నాను, ఇంటర్నెట్‌లో ఎవరో పుణ్యాత్ముడు పెట్టిన 'గ్యారంటీ ప్రశ్నలు' దించుకుని బట్టీ పట్టాను. ప్రశ్న ఏమడుగుతోందో తెలియదు గానీ జవాబు మూడోది అని తెలుసు. మన దేశంలో సగం నైపుణ్యం ఈ పద్ధతిలోనే తయారవుతోంది కాబట్టి నాకు సిగ్గేమీ అనిపించలేదు.

ఒకరోజు టీ తాగుతుంటే భార్గవి అడిగింది. "అన్నా, పరీక్షోళ్ళు మెయిలు పంపినారే, సదివినావా? గదిలో ఎవురూ ఉండకూడదంట. గోడమింద రాతలేమీ ఉండకూడదంట. కార్డులో ఫొటో ఎట్టుందో మనిషి అట్టే ఉండాలంట."

"నేను నా మాదిరి కాకుండా ఇంకెవరి మాదిరి ఉంటానమ్మా" అన్నాను. అని, నా చమత్కారానికి నేనే కాసేపు నవ్వుకున్నాను. ఆ నవ్వు గుర్తుపెట్టుకోండి.

ఇక్కడ మా మామ ప్రవేశిస్తాడు. మా అమ్మకు తమ్ముడు, పేరు దొరస్వామి, నగరిలో మరమగ్గాలు నడుపుతాడు. ఏటా ఒకసారి కొండకు వెళ్ళి గుండు చేయించుకోవడం ఆయనకు అలవాటు. తిరుపతిలో ఉండేవాళ్ళం మేం తమాషా మనుషులం. మాకై మేం కొండకు పోం. రోజూ ఎదురుగా కనబడుతోంది కదా, ఎక్కడికి పోతుందిలే అనుకుంటాం. చుట్టాలు దిగితే వాళ్ళ వెంట పోతాం. మామ దిగాడు, నేను వెంట బయలుదేరాను.

అలిపిరి దగ్గర బస్సు ఆగినప్పుడు మామ అడిగాడు. "ఏమి అల్లుడా, ఏందో పెద్ద పరీచ్చంట గదా. మొక్కుకున్నావా?"

"పాసైతే తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నా మామా."

"పాసైనాక అందురూ ఇస్తారు. దాంట్లో నీ గొప్పేముండాది? ముందే ఇచ్చెయ్. అప్పుడు సామికే మొగమాటం."

దేవుణ్ణి మొహమాటపెట్టి పని జరిపించుకోవడం నాకు చాలా తెలివైన ఉపాయంగా తోచింది. మా ఆఫీసులో పనులన్నీ అలాగే జరిగేవి మరి. కల్యాణకట్టలో తల వంచి కూర్చున్నాను.

"గుండేనా, మీసం గడ్డం గూడానా?" అని అడిగాడు క్షురకుడు.

"అంతా తీసెయ్ నాయనా. పరీచ్చ పెద్దది" అన్నాడు మామ నా తరఫున.

నా డ్రైవింగ్ లైసెన్సు ఫొటో గురించి మీకు చెప్పాలి. అందులో నాకు నుదురు కనబడదు, అంత జుట్టు. మూతి కనబడదు, అంత మీసం. తక్కినదంతా గడ్డం. ఆ పొదలోంచి రెండు కళ్ళు మాత్రం బయటికి చూస్తుంటాయి. పరీక్షకు రిజిస్టరు చేసుకున్నప్పుడు నేనిచ్చిన కార్డు అదే. కొండ దిగి వస్తున్నప్పుడు నా తల స్టీలు చెంబులా మెరుస్తోంది. కనుబొమలు ఉన్నాయి కాబట్టి ముఖం ఏ వైపో తెలుస్తోంది.

ఇంత జరిగినా నాకు అనుమానం రాలేదు. ఎందుకు వస్తుంది? తిరుపతిలో గుండును ఎవరూ తిరిగి చూడరు. బస్సులో పక్కవాడికి గుండు, టీకొట్టు ముందు నిలబడినవాడికి గుండు, బ్యాంకు లైనులో ముందువాడికి గుండు. జుట్టు పోతే మనిషి మారిపోతాడన్న ఊహే మాకు రాదు. ఇంత స్వచ్ఛమైన అజ్ఞానం కొండకింద పుట్టి పెరిగినవాడికి తప్ప అబ్బదు.

భార్గవి పరీక్ష కేంద్రంలో రాస్తానని చెన్నై రైలెక్కింది. "మా ఇంట్లో చుట్టాలు ఎక్కువన్నా, కుదరదు" అంది. నేను ఇంటినుంచే రాస్తానన్నాను. సొంత ఫ్యాను, సొంత కాఫీ. చుట్టాలు మాకూ ఉన్నారన్న సంగతి నాకు తట్టలేదు.

పరీక్ష రోజు గోడ ఖాళీ చేస్తున్నాను. స్వామి బొమ్మ ఉన్న క్యాలెండరు ఒక్కటే మిగిలింది. తీస్తుంటే అమ్మ చూసింది.

"ఏమిరా, సామిని యాడికి ఎత్తకపోతాండావు?"

"గోడమింద ఏమీ ఉండకూడదంటమ్మా. బీరువా ఎనకాల పెడతా."

"నిన్న ఎంటికలిచ్చి ఈ పొద్దు బీరువా ఎనకాల పెడతావా?"

"పరీక్ష అయిపోతానే మళ్ళా తగిలిస్తాలేమ్మా. ఎవురూ లోపలికి రాబాకండి" అని తలుపు మూశాను. గడియ ఏనాడో ఊడిపోయిన తలుపది.

కంప్యూటర్‌లో, కెమెరాలోంచి పరీక్షకు కాపలా కాసే ఒక ఆడగొంతు పలికింది. ఏ దేశమో తెలియదు, ఇంగ్లీషు మాత్రం పట్టుచీరలా జారిపోతోంది. గది నాలుగు మూలలూ చూపించమంది. బల్ల కింద చూపించమంది. చేతులెత్తి మణికట్లు చూపించమంది. దొంగను పట్టుకున్నా ఇంత మర్యాదగా సోదా చేయరు. తర్వాత కార్డు చూపించమంది. చూపించాను. మా సంభాషణ ఇంగ్లీషులోనే జరిగింది, నా ఇంగ్లీషు మీరు వినకూడదు కాబట్టి తెలుగులో రాస్తున్నాను.

"క్షమించండి. ఈ కార్డు మీదేనా?"

"నాదే."

"ఇందులో ఉన్న మనిషికి జుట్టు ఉంది."

"నాకూ ఉండేది."

"ఏమైంది? మీ ఆరోగ్యం బాగాలేదా?"

ఎంత దయగా అడిగిందో. అవునని ఒక్క మాట అని ఉంటే బతికిపోయేవాణ్ణేమో. అప్పుడే నాకు సత్యం మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

"ఆరోగ్యం బాగానే ఉంది. ఒకాయనకు ఇచ్చేశాను."

"ఎందుకు ఇచ్చారు?"

"ఈ పరీక్ష పాసవ్వడానికి. ముందుగానే ఇచ్చేశాను."

ఆమె గొంతులో దయ ఆరిపోయింది. "అంటే, పరీక్ష పాసవ్వడం కోసం మీరు వేరొకరికి ముందుగా ఏదో ముట్టజెప్పారు. అంతేనా?"

"అలా కాదు మేడం. ఆయన అలాంటివాడు కాదు. చాలా పెద్దాయన."

"ఆయన ఇప్పుడు మీ గదిలో ఉన్నారా?"

దేవుడు గదిలో ఉన్నాడా అని అడిగితే లేడని ఎలా అంటాను? నేను తిరుపతివాణ్ణి. నా కళ్ళు వాటంతటవే బీరువా వైపు తిరిగాయి.

"ఉన్నారు. బీరువా వెనకాల ఉన్నారు."

"కెమెరా అటు తిప్పండి. వెంటనే."

కంగారుగా కెమెరా తిప్పి, బీరువా వెనకనుంచి క్యాలెండరు లాగి చూపించాను. ఆమె స్వామిని చూడలేదు, కింద ఉన్న తేదీల వరుసలు చూసింది. "గదిలో రాతలున్న కాగితం దాచారు" అని ఎక్కడో టైపు చేస్తున్న చప్పుడు వినిపించింది. నేను గొంతు పెంచి ఇది పంచాంగం, ఇది పౌర్ణమి అని వివరిస్తున్నాను. ఆ అరుపులకు తలుపు తోసుకుని అమ్మ వచ్చింది.

"ఏమంటాదిరా ఆ యమ్మ?"

"నేను నేను కాదంటమ్మా."

"నువ్వు నువ్వు గాకుంటే ఇంకెవురు? కన్నదాన్ని నేనుండాను గదా, నన్నడగమను." అమ్మ వంగి కెమెరాలోకి చూసింది. "ఇద్దో చూడమ్మా, వీడు నా కొడుకే. పుట్టినప్పుడూ ఇట్టే ఉన్నాడు, గుండుతోనే."

అప్పుడొచ్చాడు మామ. కాఫీ గ్లాసుతో, చందనం పూసిన గుండుతో, నా వెనకాల వచ్చి నిలబడ్డాడు. తెరమీద చూసుకుంటే రెండు గుండ్లు, ఒకే మెరుపు. కార్డులో ఉన్న పొదకు ఇద్దరిలో ఎవరూ సరిపోవడం లేదు.

"మీ ఇద్దరిలో ఈ పరీక్ష రాసేది ఎవరు?" అని అడిగింది ఆమె. "మీరా సార్?"

మా మామకు ఇంగ్లీషులో వచ్చిన మాటలు రెండే. తనను ఎవరో పరాయి దేశపు మేడం మర్యాదగా సార్ అని పిలిచేసరికి మురిసిపోయి, వాటిని ధారాళంగా వాడేశాడు.

"యెస్ మేడం."

తెర నల్లబడింది. గ్యారంటీ ప్రశ్నల్లో మొదటిదైనా చూడకుండానే నా పరీక్ష రద్దయింది.

భార్గవి పాసైంది. మర్నాడే అలిపిరి నుంచి నడిచి కొండెక్కి, మూడు కత్తెర్ల జుట్టు మాత్రం ఇచ్చి వచ్చింది. "పాసైనాకే ఇచ్చినానన్నా" అని లడ్డూ చేతిలో పెట్టింది. అంత చిన్న ముక్క జుట్టుకు లీడ్ పదవి, నా మొత్తం తలకు లడ్డూ. నవ్వి, లడ్డూ బల్లమీద పెట్టాను. బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. సాయంత్రం మా నాయన వీధి అరుగు మీద ఎవరితోనో చెబుతున్నాడు. "మావోణ్ణి పరీక్షోళ్ళు గుర్తుపట్టలేదంటప్పా. ఎట్ట గుర్తుపడతారు, కంప్యూటర్ల పక్కన గదా ఉండేది."

ఇంతటితో నాకు బుద్ధి వచ్చి ఉంటుందని మీరనుకుంటే నన్ను మరీ ఎక్కువ అంచనా వేశారు. వాళ్ళకు ప్రాధేయపడుతూ రాస్తే, కొన్నాళ్ళాగి మళ్ళీ రాయమన్నారు. ఈసారి తెలివిగా ఉండాలనుకున్నాను. వెంటనే వెళ్ళి లైసెన్సులో ఫొటో మార్పించాను. కొత్త ఫొటోలో గుండు, నున్నటి ముఖం, అచ్చం నేనే. ఆ కార్డును అందరికీ చూపించి మరీ జేబులో పెట్టుకున్నాను. తర్వాత ఆ కొన్నాళ్ళూ గడిచాయి. కొన్నాళ్ళు గడిస్తే తలమీద ఏం జరుగుతుందో మీకు తెలుసు. నాకు భార్గవి చెప్పేదాకా తెలియలేదు.

"అన్నా, ఇప్పుడు కార్డులో గుండుండాది. నీకేమో జుట్టుండాది."

మా వీధి చివర సెలూన్‌లో రెండో గుండు చేయించుకున్నాను. ఈసారి చెన్నై కేంద్రానికి వెళ్ళాను. మామకు ఆ సంగతి చెప్పలేదు. గ్యారంటీ ప్రశ్నల్లో ఒక్కటీ రాలేదు. ఆఖరి రోజుల్లో భార్గవి కూర్చోబెట్టి చెప్పిన పాఠాలే వచ్చాయి. అంచు మీద పాసయ్యాను. ఇప్పుడు ఆమె కిందే పనిచేస్తున్నాను. ఆమె మంచి లీడు, నాకు అదే ఎక్కువ బాధ.

సర్టిఫికెట్ పట్టుకుని ఇంటికి వస్తే అమ్మ దాన్ని దేవుడి ముందు పెట్టి, నా తల తడిమి చూసింది.

"మొక్కెప్పుడు తీరుస్తావురా?"

"తీర్చేసినా గదమ్మా. ఒకటి గాదు, రెండు."

"మొదటిది ఇచ్చినప్పుడు పరీక్షే రాయలా. రెండోది సెలూన్‌లో ఇచ్చినావు, కార్డుకోసరం. పాసైతే ఇస్తానన్నది అట్టే ఉండాది."

ఇద్దామంటే తలమీద జుట్టు లేదు. అది మొలిచేదాకా ఆగి మూడో గుండు ఇచ్చి వచ్చాను. చదివినవాళ్ళకు మూడు కత్తెర్లు, చదవనివాళ్ళకు మూడు గుండ్లు అని అర్థం చేసుకున్నాను.

ఆ సర్టిఫికెట్‌కు గడువు తీరుతోందని, మళ్ళీ పరీక్ష రాయమని మొన్న మెయిలు వచ్చింది. పైనుంచి కిందదాకా, షరతులతో సహా, రెండుసార్లు చదివాను. చదివి, కొండవైపు తిరిగి నిలబడి, తలమీద ఉన్న కాసింత జుట్టు మీద చెయ్యి వేసుకుని ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో రాని ఫలితానికి ముందస్తుగా ఒక్క వెంట్రుకైనా ఇవ్వను. స్వామిని మొహమాటపెట్టను, బీరువా వెనక పెట్టను. మామ జిల్లాలో ఉండగా కెమెరా తెరవను.

ఈ చివరి ముక్క మామకు కూడా తెలియాలని నగరికి ఫోన్ చేసి, పరీక్ష రోజు మా ఇంటివైపు రానని మాటివ్వమన్నాను. ఆయన గొంతు సవరించుకుని, ఎంతో గంభీరంగా మాటిచ్చాడు.

"యెస్ మేడం."