పక్క సీటులో లేని బ్రేకు

మా అక్క భర్త డ్రైవింగ్ స్కూలు మాస్టారు. నేర్చుకునేవాళ్ల పక్కన కూర్చుని, తన కాళ్ల దగ్గర బిగించుకున్న రెండో బ్రేకు మీద పాదం ఆనించి, 'మెల్లగా, మెల్లగా' అనడమే ఆయన ఉద్యోగం. అందరూ బ్రేకు మాస్టారు అంటారు. బతుకంతా నత్తనడకన సాగిన ఆ మనిషికి ఒకటే కోరిక. సొంత స్పోర్ట్స్ కారులో ఒక్కసారైనా వేగానికి వీపు సీటుకు అతుక్కుపోవాలి.

ఆయన తాహతుకు రెండు పాత కార్లు దొరికాయి. ఒకటి ఎర్రది, నిగనిగలాడుతోంది, వెనక డిక్కీ మీద రెక్క కూడా ఉంది. లోపల మాత్రం మామూలు కారు ఇంజనే. రెండోది రంగు వెలిసి, తలుపు మీద సొట్టతో ఉంది గానీ పరుగులో దానికి తిరుగు లేదు.

నాది కార్లకు రంగులు వేసే షెడ్డు. నా ఓటు దేనికో వేరే చెప్పాలా?

"బావా, స్పోర్ట్స్ కారంటే నలుగురూ తల తిప్పి చూడాలి. ఆ సొట్టదాంట్లో వెళితే స్కూలు కారే అనుకుంటారు," అన్నాను.

"చూసేవాళ్ల కోసమైతే గోడకి ఫొటో తగిలించుకుంటా. పైన పటారం, లోన లొటారం. నాకొద్దురా."

"ఇంజను బానెట్ కింద ఉంటుంది. ఎవరికి తెలుస్తుంది?"

"నా వీపుకి తెలుస్తుంది."

రోజూ భోజనాల దగ్గర ఇదే గొడవ. అక్క కంచాలు తీస్తూ, "ఏది కొన్నా ఇంటిముందు పడి ఉండకుండా నడిపితే చాలు," అనేది. చివరికి సొట్టకారే వచ్చింది. నేను మూతి ముడుచుకున్నాను, దాచడం ఎందుకు.

ఆదివారం పొద్దున ముగ్గురం ఊరి బయటి ఖాళీ రోడ్డుకు వెళ్లాం. అక్క ముందు, బావ పక్కన కూర్చుంది. నాకు వెనక దక్కింది పేరుకే సీటు, మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. బావ అద్దాలు సరిచూసుకుని, సిగ్నల్ వేసి, బయల్దేరాడు. వేగం పెంచబోతాడు, పాదం దానంతటదే పైకి లేస్తుంది. మళ్లీ నొక్కుతాడు, మళ్లీ లేస్తుంది. ఒక సైకిలు మమ్మల్ని దాటిపోయింది.

"ఈ మాత్రానికి ఎర్రదే కొనుండొచ్చుగా బావా," అన్నాను.

ఆయన నవ్వలేదు. కారు పక్కకు ఆపి, "నావల్ల కావట్లేదురా," అన్నాడు. నోరు జారినందుకు నామీద నాకే కోపం వచ్చింది.

అక్క దిగి అటువైపు వచ్చి తలుపు తీసింది. "ఇటు రండి. మీ దగ్గర అందరికంటే ముందు నేర్చుకుంది నేనే కదా. ఒక్కనాడైనా నన్ను స్పీడుగా పోనిచ్చారా?"

సీట్లు మారారు. అక్క చెప్పులు విడిచి యాక్సిలరేటర్ తొక్కింది. నా తల వెనక అద్దానికి కొట్టుకుంది. ఇందాకటి సైకిలు ఎప్పుడో వెనకబడిపోయింది. బావ కాలు అలవాటుగా బ్రేకు కోసం వెతికింది. కింద ఒట్టి మ్యాటే తగిలింది. గట్టిగా తొక్కాడు. కారు ఆగలేదు.

"మెల్ల..." అనబోయి మానేశాడు. కాళ్లు రెండూ వెనక్కి లాక్కుని, వీపును సీటుకు వదిలేసి, కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వాడు. ఆయన అలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. నాకూ కడుపు నిండినట్టయింది.

"సొట్ట తీసి, మంచి రంగు వేసిపెడతాలే బావా," అన్నాను.

ఆయనకు వినిపించినట్టు లేదు. అక్కతో అంటున్నాడు:

"తిరిగెళ్లేటప్పుడూ నువ్వే నడుపు. నేను బ్రేకు వెయ్యనులే."