రాగం సార్ ఆల్బములూ నా మొదటి అభిప్రాయాలూ

ఆ రోజుల్లో కొత్త మనిషి ఎలాంటివాడో తెలుసుకోవడానికి ఊరు అడిగేవాళ్లు కొందరు, ఇంటిపేరు అడిగేవాళ్లు కొందరు. మా సార్ మాత్రం ఆల్బమ్ ఇచ్చేవారు. ఆ రోజులంటే మరీ పాతకాలమేమీ కాదు. డేటా చవకైపోయి, పామాయిల్ తోటల్లో గెలలు కోసేవాళ్ల చెవుల్లో కూడా ఇయర్‌ఫోన్లు కనిపిస్తున్న కాలమే. నేను మధిర నుంచి దమ్మపేటకు కొత్తగా ఉద్యోగానికి వచ్చాను. ఆఫీసులో అందరికంటే చిన్నవాణ్ని. పెళ్లి కాలేదు, ప్రొబేషన్ పూర్తి కాలేదు, సంగీతం తెలియదు. మొదటి రెండింటి గురించి అప్పుడప్పుడు దిగులుపడేవాణ్ని. మూడోదాని గురించి కూడా పడాల్సి వస్తుందని నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు.

మా పై అధికారిని ఆఫీసంతా చాటుగా రాగం సార్ అనేవారు. కొత్తగా ఎవరు చేరినా వాళ్ల ఫోనుకు ఒక ఆల్బమ్ పంపి, "సోమవారం వచ్చి ఎట్లున్నదో చెప్పాలె. మొదటిసారి వినంగనే ఏమనిపిస్తే అది చెప్పు. ఆలోచించి చెప్పొద్దు" అనేవారు. నాకంటే ముందు చేరిన కంప్యూటరక్క "చాలా బాగుంది సార్" అన్నదట. ఆ తర్వాత ఆమెకు ఇంకో ఆల్బమ్ రాలేదు. "నువ్వు గూడ గట్లనే అను తమ్ముడూ, పీడ పోతది" అని నాకు సలహా ఇచ్చింది. వినాల్సింది. కానీ నా ప్రొబేషన్ కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఆయనే. కాస్త ప్రత్యేకంగా కనబడదామనే ఆశ పుట్టింది (ఆ వయసులో అందరికీ పుట్టేదే, నాకు కొంచెం ఎక్కువ).

మొదట పిల్లనగ్రోవి ఆల్బమ్ పంపారు. బస్సులో వస్తూ విన్నాను. సోమవారం సార్ ముందు నిలబడి, "వాన పడేముందు చీమలు గుడ్లు మోసుకుని ఉరుకుతున్నట్టున్నది సార్" అన్నాను. సార్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "చీమలా?" అన్నారు. కాసేపు కిటికీలోంచి బయటకు చూసి, "ఇన్నేండ్ల సంది వింటున్న. నాకు చీమలు కనబడలేదయ్యా" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. అసూయ ఉన్నట్టనిపించింది. తర్వాతి వారం ఒక పెద్దాయన గాత్రం. "ఆయనకు బస్సు టైమయినట్టున్నది సార్" అన్నాను. సార్ ఆ మాటను చాలాసేపు మనసులో తిప్పుకున్నారు. "అవ్. మనిషి బతుకంతా బస్సు టైమయినట్టే ఉంటది. మంచి మాట చెప్పినవ్" అన్నారు. ఆ రోజు మధ్యాహ్నం ఆయన డబ్బాలోని గోంగూర పప్పు నా కంచంలోకి వచ్చింది. ఆఫీసులో నాకొక మర్యాద ఏర్పడింది. అటెండరు మామ కూడా తన కొడుకు ఫోనులోని డీజే పాటలు తెచ్చి, "జర విని చెప్పు సారూ" అన్నాడు.

ఇక ఆయన అందరికీ ఇవ్వని ఆల్బమ్ నాకు పంపారు. వీణ. పెళ్లయిన కొత్తలో కొన్న క్యాసెట్టట, ఎవరితోనో ఫోనులోకి ఎక్కించుకున్నారు. నేను విని, నిజాయితీగా, "ఊరేగింపుల దీనికి డాన్సు చేయొచ్చు సార్" అన్నాను. సార్ మొహంలో మొదటిసారి అనుమానం కనబడింది. "వీణకా?" అన్నారు. "అవ్ సార్. కాళ్లు ఆగవు." ఆయన కళ్లజోడు సర్దుకుని, "ఆదివారం మేం పర్ణశాల పోతున్నం. నువ్వు గూడ రా. కలిసి విందాం" అన్నారు.

కిరాయి కారు. ముందు నడిపే భాయి, పక్కన నేను, వెనక సార్, మేడమ్. మేడమ్ ఒళ్లో పులిహోర గిన్నె. భద్రాచలం వంతెన దాటి అడవి దారిలో పడ్డాక సార్ తన ఫోను తీసి చూస్తే ఛార్జింగ్ లేదు. "నీదాంట్ల పెట్టు" అన్నారు. కారు స్పీకర్లకు నా ఫోను కలిపి వీణ పెట్టాను. భాయి ఒక చేత్తో స్టీరింగు మీద తాళం వేయడం మొదలుపెట్టాడు. "మస్తున్నది సార్. మా చెల్లె పెండ్లిల బ్యాండు లెక్క ఉన్నది" అన్నాడు. అద్దంలో సార్ మొహం చూశాను. ఎవరో తన ఇంట్లో సామాను మార్చేసి పెట్టినట్టు చూస్తున్నారు.

"ఏది, ఫోన్ ఇటియ్యి బాబూ" అని మేడమ్ తీసుకుని చూసి, "ఇది రెండింతల స్పీడుల పెట్టి ఉన్నది కదా" అన్నది.

అప్పుడు వెలిగింది నాకు. పోటీ పరీక్షల క్లాసుల ఆడియో కూడా ఆ ఫోనులో ఆ ప్లేయర్‌లోనే వినేవాణ్ని. పాఠం చెప్పే ఆయన ఒక్కో మాటకూ మధ్య టీ తాగి వచ్చేవాడిలా ఆగేవాడు. అందుకని స్పీడు పెంచుకుని, ఆ సంగతే మరిచిపోయాను. అంటే ఆ చీమలు చీమలు కావు. ఆ పెద్దాయనకు ఏ బస్సు టైమూ కాలేదు. పాపం, ఆయన తీరిగ్గా కూర్చునే పాడాడు. ఇదంతా నత్తినత్తిగా చెప్పుకున్నాను. మేడమ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నది. "పెండ్లయిన కాడినుంచి వంట చేసుకుంట ఇదే వింటున్న. ఇట్ల పెట్టొచ్చని ఎవరన్న చెప్తే నా వంట జల్దీ అయిపోయేది" అన్నది. "నువ్వు ఊకో" అన్నారు సార్. నా ప్రొబేషన్ ఆ అడవిలోనే ఎక్కడో దిగిపోయిందనుకున్నాను.

దర్శనమయింది. గోదావరి ఒడ్డున పులిహోర తిన్నాం. చేయి కడుక్కుని వచ్చిన సార్, "కూసో" అన్నారు. నా ఫోను తీసుకుని స్పీడు సరిచేసి, ఇయర్‌ఫోను ఒకటి నా చెవిలో పెట్టించి, రెండోది తాను పెట్టుకున్నారు. వీణ మీద మొదటి స్వరం మోగింది. రెండోదాని కోసం ఎదురుచూశాను. వచ్చింది, కానీ తొందరపడి రాలేదు. నీటి మీది గాలి చల్లగా ఉంది. కడుపు నిండుగా ఉంది. మూడో స్వరం వచ్చిందో లేదో నాకు తెలియదు.

"లే బాబూ, పోదాం" అని మేడమ్ భుజం తట్టింది. ఎండ అవతలి ఒడ్డుకు వాలింది. సార్ పక్కనే కూర్చుని ఉన్నారు, ఇయర్‌ఫోను ఇంకా చెవిలోనే ఉంది. "ఎట్లున్నది?" అన్నారు.

"ఎక్కడిదాక విన్ననో తెల్వది సార్."

నేను అనుకున్నది జరగలేదు. ఆయన మొహం విప్పారింది. "మా బిడ్డ చిన్నగున్నప్పుడు పండుకుంటదని రోజూ ఇదే పెట్టేటోణ్ని. అది ఒక్కనాడు పండుకోలే. నువ్వు పండుకున్నవ్. ఇయ్యాల సరిగ్గ విన్నవ్" అన్నారు. కారు దగ్గరకు నడుస్తూ కొంచెం ఆగి, "కానీ ఆ చీమలు మాత్రం పోతలేవయ్యా. పిల్లనగ్రోవి పెడితే చాలు, గుడ్లు పట్టుకుని వస్తున్నయ్" అన్నారు. వెనకనుంచి మేడమ్ మళ్లీ నవ్వింది. ఈసారి సార్ కూడా.

ప్రొబేషన్ అయింది. పెళ్లీ అయింది. సార్ రిటైరయ్యారు. నేను ఖమ్మంలో ఉంటున్నాను, తలలో తెల్లవెంట్రుకలు వెతకక్కర్లేకుండానే దొరుకుతున్నాయి. ఆదివారం అన్నం తిన్నాక ఆ వీణ పెట్టుకుని పడక్కుర్చీలో వాలతాను. "మొదలైంది మీ సంగీతం" అని మా ఆవిడ తలుపు దగ్గరకు వేస్తుంది. అసలు స్పీడులో మూడో పాట ఎలా ఉంటుందో ఇప్పటికీ నాకు తెలియదు. ఎప్పుడైనా సార్ ఫోన్ చేసి అడిగితే, "వింటున్న సార్, ఇంక అయిపోలే" అంటాను.

"తొందరేముందయ్యా" అంటారాయన, ఎంతో తృప్తిగా.