బాల్కనీ ఆఖరి వరసలో దగ్గు

మా అక్కకు దగ్గు పట్టుకుందని మొదట కనిపెట్టింది నేనే. మా థియేటర్లో గేటు దగ్గర టికెట్లు చింపేది నేను. ఎవరు సినిమా కోసం వచ్చారో, ఎవరు ఫ్యాను కింద కునుకు తీయడానికి వచ్చారో మొహం చూసి చెప్పేస్తాను. అలాంటిదాన్ని, సొంత అక్క ఎందుకొస్తోందో పోల్చుకోలేకపోయాను.

మా బావ పైన కేబిన్లో ఆపరేటరు. మా దగ్గర కొత్త సినిమాలు ఆడవు, పాత రీళ్లే తెప్పించి రోజుకు మ్యాట్నీ ఒక్కటే వేస్తాం. మెషిన్లు రెండు. ఒకదాని మీద రీలు అయిపోయేసరికి రెండోది అందుకోవాలి. అందుకని ప్రతి రీలు చివర తెర మీద కుడి పైమూల చిన్న చుక్క మెరుస్తుంది. అప్పుడు రెండో మెషిన్ మోటారు వెయ్యాలి. కాసేపటికి ఇంకో చుక్క. అప్పుడు బొమ్మను ఆ మెషిన్ మీదికి మార్చాలి. రెప్ప వేస్తే చుక్క పోయినట్టే. జనం ఎవరూ దాన్ని పట్టించుకోరు. బావకు మాత్రం బతుకంతా ఆ చుక్కే. అది దాటిపోతే తెర తెల్లగా మిగిలిపోతుంది, హాలంతా ఈలలు.

మొన్న ఎండాకాలంలో అలా రెండుసార్లు జరిగింది. ఓనరుగారు కేబిన్లోకి వచ్చారు. ఆయన అరిస్తే భయం లేదు, మెల్లగా మాట్లాడితేనే భయం.

"ఇంకొక్కసారి తెర తెల్లబడిందా, కొత్త మెషిన్ దింపేస్తాను. దానికి మనిషి అక్కర్లేదు" అన్నారు మెల్లగా.

బావ "అలాగేనండీ" అన్నాడు. ఆ పూట అన్నం సగంలోనే చెయ్యి కడిగేసుకున్నాడట.

ఆ మర్నాటి నుంచి అక్క రోజూ మ్యాట్నీకి రావడం మొదలుపెట్టింది. బాల్కనీ ఆఖరి వరసలో, సరిగ్గా కేబిన్ కిటికీ కింద కూర్చునేది. ముప్పై ఏళ్ల కాపురంలో మొగుడు వేసే సినిమా ఒక్కటీ పూర్తిగా చూడని మనిషి!

"ఏమిటే, ఈ వయసులో బావ మీద ఇంత ప్రేమ పుట్టుకొచ్చింది?" అని ఆటపట్టించాను.

"ఇంట్లో ఏం తోచట్లేదే" అంది.

పోనీలే అనుకున్నాను. కానీ ఆ దగ్గు! ఇరవై నిమిషాలకోసారి చిన్నగా ఒకటి, కాస్త ఆగి ఇంకొకటి. మా అమ్మకూ ఇలాగే చిన్న దగ్గుతో మొదలైంది, ఆర్నెల్లలో మనిషి పోయింది. నాకు కంటి మీద కునుకు లేకుండా పోయింది. డాక్టరు దగ్గరికి పదమంటే అక్క నవ్వేసేది. చివరికి ఒకరోజు మధ్యాహ్నం మా ఆయన్ని పురమాయించి, మొత్తుకుంటున్నా వినకుండా స్కూటరెక్కించి ఎక్స్‌రేకి పంపేశాను. మంచి పని చేశానని మురిసిపోయాను కూడా.

మ్యాట్నీ మొదలైన పావుగంటకు ఆస్పత్రి నుంచి అక్క ఫోను.

"నాకు దగ్గూ లేదు, గిగ్గూ లేదే తల్లీ! మీ బావ కంట్లో శుక్లం. చుక్క కనపడట్లేదు. ఆపరేషనంటే నెల సెలవు, ఆ నెల్లో కొత్త మెషిన్ వచ్చేస్తుందని ఆయన భయం. చుక్క పడగానే నేనే దగ్గుతున్నా. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నారు. నువ్వెళ్లి నా సీట్లో కూర్చో, త్వరగా!"

పరుగున మెట్లెక్కాను. బాల్కనీ ముందు వరసలో ఓనరుగారు! పక్కనే కొత్త మెషిన్లు అమ్మే ఆయన. అక్క సీట్లో కూలబడి తెర మూలకే చూశాను. ఏం కథో, ఎవరు ఏడుస్తున్నారో తెలియదు. ఉన్నట్టుండి చుక్క మెరిసింది. దగ్గాను. పైన మోటారు చప్పుడు లేదు. గట్టిగా దగ్గాను. లేదు. ముప్పై ఏళ్లు కలిసి బతికిన పెళ్లాం దగ్గు మనిషికి తెలియదా? నాది ఇంకెవరిదో అనుకున్నాడు.

"బావా! చుక్క!" అని అరిచేశాను.

హాలంతా వెనక్కి తిరిగింది. పైన మోటారు గిర్రుమంది. "రెండోది!" అని మళ్లీ అరిచాను. బొమ్మ మారింది, తెర ఒక్క క్షణం కూడా తెల్లబడలేదు. కానీ ఓనరుగారు లేచి నా వంకే చూస్తున్నారు. బావ పని నిలబెట్టానో, నా చేతులతో నేనే పోగొట్టానో అర్థం కాలేదు. తక్కిన చుక్కలకు కూడా అరుస్తూనే ఉన్నాను, ఇక దాచేదేముంది?

ఆట అయ్యాక ఓనరుగారు కేబిన్లోకి వెళ్లారు, వెనకే నేను. బావ కంటి సంగతంతా చెప్పేశాడు.

"కన్ను చేయించుకో. నెలరోజులు హాలు మూసేస్తాను. చుక్క కనపడితే సరే" అన్నారు మెల్లగా.

కనపడకపోతే ఏమిటో ఆయన చెప్పలేదు.

ఆపరేషనైన మర్నాడు కట్టు విప్పుతామన్నారు. అక్క సుద్దముక్క వెంట తెచ్చుకుంది. వార్డు ఆ చివర స్టూలెక్కి, నీలం గోడకు కుడి పైమూల గోరంత చుక్క పెట్టింది. నర్సు కసురుకుంటున్నా దిగలేదు. ఈ చివర మంచం మీద బావ. కట్టు తీశారు. కళ్లు చికిలించాడు, నీళ్లు కారాయి, తుడుచుకున్నాడు. గోడ వంక చూశాడు. చాలాసేపు చూశాడు. అక్క మొహంలో నెత్తురు చుక్క లేదు.

"బావా, ఏమైనా..." అని నేను నోరు తెరిస్తే చెయ్యెత్తి ఆగమన్నాడు.

తర్వాత దగ్గాడు. చిన్నగా ఒకటి, కాస్త ఆగి ఇంకొకటి. అచ్చం అక్క దగ్గినట్టే. అక్క స్టూలు మీదే కూర్చుని భోరుమంది.