రికార్డులో మేనకోడలు

నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషిని పక్కన పెట్టుకుని నిలబడితే, ఈవిడ మీ మేనకోడలు కదండీ అని అడిగాడు కౌంటర్లో కుర్రాయన. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది.

నేను నేవీలో పదిహేనేళ్ళు చేసి, ఆ తర్వాత ఉక్కు ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీగా మరో ఇరవై ఏళ్ళు నిలబడి, ఇప్పుడు దువ్వాడలో ఇంటిపట్టున ఉంటున్నవాణ్ణి. ఇన్నేళ్ళూ మా ఆవిడకి ఆస్పత్రి అవసరం రాలేదు. జ్వరమొస్తే మిరియాల చారు తాగి పనిలో పడేది. పోయినేడు రెండు కళ్ళకీ శుక్లాలొచ్చాయి. బియ్యంలో రాళ్ళు కనబడక నా పళ్ళ కింద పడుతుంటే, మాజీ సైనికుల ఆస్పత్రి కార్డులో ఆవిడ పేరు ఎక్కిద్దామని బస్సెక్కి వచ్చాం.

కుర్రాయన కంప్యూటరు నా వైపు తిప్పాడు. ఆవిడ పేరుంది. పక్కన ‘మేనకోడలు’ అని ఉంది. భార్య అన్న చోట ఖాళీ.

“మీకు పెళ్ళి కాలేదా సార్?”

“అయింది. ఈవిడతోనే అయింది. మా అక్క కూతురు.”

వెనక లైన్లో ఎవరో కిసుక్కుమన్నారు. కుర్రాయన మాత్రం నవ్వలేదు. “మనకి తెలుసు సార్. ఆ రికార్డులుండే ఊళ్ళో వాళ్ళకి తెలీదు. ముందు అక్కడ దిద్దించుకు రండి” అన్నాడు.

తిరుగు బస్సులో మా ఆవిడ గాజువాక దాటాక అడిగింది. “అలాగెందుకు రాసేరు మావా?”

“గుమస్తా ఎవడో తప్పు రాశాడు” అన్నాను.

“అయితే రేపు నువ్వు నేకపోతే, సర్కారుకి నానేటవుతాను?”

నా గుండెలో రెండు స్టెంట్లున్నాయి. నేను పోతే నా పెన్షన్లో ఆవిడకి రావలసిన భాగం రాదు, ఆస్పత్రీ ఉండదు. అవన్నీ అలా ఉంచి, నా వెనక ఫలానా వాడి భార్యనని చెప్పుకోవడానికి ఆవిడ చేతిలో ముక్క కాగితం ఉండదు. అది నన్ను కోసింది.

గుమస్తా తప్పన్నది సగమే నిజం. మొదటి సగం నాది. అమ్మా నాన్నా చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది అక్క. మా రేవులో తెల్లారకముందే చేపలు కొని, గంప నెత్తినెట్టుకుని వీధి వీధీ తిరిగి పెంచింది. పదిహేడేళ్ళకి నేవీలో ఎంపికైతే ఒక ఫారం ఇచ్చారు. నీకేదైనా జరిగితే ఎవరికి కబురు చెయ్యాలి, నీ తరఫున ఎవరు తీసుకోవాలి అని. అక్క పేరు రాయబోతే ఒప్పుకోలేదు. “నానెంతకాలముంతాన్రా, పిల్ల పేరు రాయి” అంది. పిల్లంటే తన కూతురు. అప్పటికి తొమ్మిదేళ్ళది. మేనకోడలు అని నా చేత్తోనే రాశాను.

పదేళ్ళయ్యాక ఆ పిల్లనే చేసుకున్నాను. మా వైపు అక్క కూతుర్ని చేసుకుంటే ఎవరూ ఎందుకని అడగరు. చేసుకోకపోతేనే పిల్లకేం లోపమని అడుగుతారు. పెళ్ళి శుభలేఖ పట్టుకుని ఓడ మీద గుమస్తా దగ్గరికి వెళ్ళాను. ఉత్తరాది పెద్దాయన. పెళ్ళికి సెలవిప్పించిందీ ఆయనే. నా పాత ఫారం తీసి, ఈ అమ్మాయి నీ అక్క కూతురా అని హిందీలో అడిగాడు. అవునన్నాను. మరి పెళ్ళెవరితో అన్నాడు. ఈ అమ్మాయితోనే అన్నాను. ఆయన నా మొహంకేసి అలా చూస్తూ ఉండిపోయాడు. వాళ్ళ వైపు మేనకోడలంటే కన్నకూతురితో సమానమట. నాకు హిందీ రాక ఏదో కలగాపులగం చేస్తున్నానని అనుకున్నాడో, కుర్రాడు చిక్కుల్లో పడతాడని జాలిపడ్డాడో తెలీదు. ఏదో రాసి సంతకం పెట్టమన్నాడు. చదవకుండా పెట్టాను. రిటైరైన రోజు పెన్షన్ కాగితాల మీదా అలాగే పెట్టాను. పెట్టమన్న చోట సంతకం పెట్టడమే మాకు నేర్పిన చదువు. ఆయన మీద నాకిప్పటికీ కోపం లేదు. అంత దూరం నుంచి వచ్చిన మనిషికి మా ఇళ్ళ సంగతి ఎలా తెలుస్తుంది?

మర్నాడు సిటీలో మాజీ సైనికుల పనులు చూసే కార్యాలయానికి వెళ్ళి, అక్కడున్న క్లర్కమ్మాయి మీద మాత్రం ఉన్న కోపమంతా కక్కాను. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. నన్ను అరవనిచ్చి, నీళ్ళ సీసా నా వైపు జరిపి, “ఇప్పుడు సెప్పండి బాబాయ్ గారూ” అంది. అప్పుడు నాకు సిగ్గేసింది.

అర్జీ తనే రాసి పంపింది. నెలకి తిరిగొచ్చింది, పెళ్ళికి రుజువు లేదని. పసుపు పట్టిపోయిన పెళ్ళి ఫోటో, ఇద్దరం కలిసి దిగిన కొత్త ఫోటో జత చేసి పంపింది. మళ్ళీ తిరిగొచ్చింది. ఈసారి, సొంత సోదరి కుమార్తెతో వివాహం ఎలా చెల్లుతుందో వివరించమని రాశారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే కదా అనిపించి, ఆ కాగితం చింపబోయాను. ఆ అమ్మాయి నా చేతిలోంచి తీసేసుకుంది.

“నన్ను సూడండి బాబాయ్ గారూ. నానూ మా సిన్న మావయ్యనే సేసుకున్నాను. మరి నాదీ సెల్లదా? ఆచారం ఉన్నకాడ సెల్లుతుందని చట్టంలోనే ఉంది. మనకి ఆచారం ఉందని సూపించాలి, అంతే. ఊరెళ్ళి రాయించుకు రండి.”

ఊరెళ్ళాను. ఇసకలో కూర్చుని వల బాగు చేసుకుంటున్న పెద్దలు నా మాట విని వల పక్కన పెట్టేశారు. “దీనికి కూడా రుజువేటి బావా” అంటూనే, మా వీధిలో అక్క కూతుర్ని చేసుకున్న ఇళ్ళన్నీ చెప్పి రాయించారు. పదకొండు ఇళ్ళు తేలాయి. పదకొండు జంటలూ సంతకాలో వేలిముద్రలో వేశారు. కాగితానికి చేపల వాసన పట్టింది, ఒక మూల పొలుసు కూడా అంటుకుంది. తుడవబోతే క్లర్కమ్మాయి వద్దంది.

అక్కకి ఎనభై దాటాయి. తనని నోటరీ దగ్గరికి ఆటోలో తీసుకెళ్ళాను. అర్జీదారుకి నువ్వేమవుతావమ్మా అని ఆయన అడిగాడు. “అక్కని. అత్తని కూడా” అంది. ఏదో ఒకటి చెప్పమన్నాడు. “రొండూ రాయి బాబూ. ఈణ్ణి పెంచిందీ నానే, ఈడికి పిల్లనిచ్చిందీ నానే. ఒకటి రాస్తే అబద్దమైపోద్ది” అంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, రెండూ రాశాడు.

అవన్నీ జత చేసి పంపితే, మూడో నెలలో జవాబొచ్చింది. క్లర్కమ్మాయి ఫోన్ చేసి, రమ్మనకుండానే, “అయిపోయింది బాబాయ్ గారూ, భార్య అని రాసేరు” అంది. ఆ అమ్మాయికి పనిగంటల జీతమే వస్తుంది, నా కోసం పడిన తాపత్రయానికి ఎవరూ ఏమీ ఇవ్వరు. మా ఊరి పదకొండు ఇళ్ళకీ, మా అక్కకీ, ఈ అమ్మాయికీ నేను బతికున్నన్నాళ్ళూ రుణపడి ఉంటాను. స్వీట్లు పట్టుకెళ్తే ఒకటి తీసుకుని మిగతావి ఆఫీసంతా పంచింది.

కార్డొచ్చింది. మా ఆవిడకి ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన వారానికి, అయిదో తరగతి చదువుతో కూడబలుక్కుంటూ ఆ దిద్దిన రికార్డు కాపీ, దానికి జత చేసిన నా పాత ఫారం కాపీ తనే చదువుకుంది. భార్య అన్న చోట కొత్త అక్షరాలున్నాయి. పాత ఫారంలో నేను రాసిన వరుస మీద అడ్డంగా గీత ఉంది. పక్కన నేను చేరిన నాటి తేదీ.

“ఈ కొట్టేసిందెవుర్ని మావా?”

“నిన్నే. మేనకోడలివని ఉంది కదా, తప్పని తీసేశారు.”

ఆవిడ తేదీ మీద వేలు పెట్టి లెక్కేసుకుంది. “ఇది నాకు తొమ్మిదేళ్ళప్పటిది. గుమస్తా రాసేడన్నావు. ఇది నీ దస్తూరీ గదా.”

ఒప్పుకున్నాను. నీకేదైనా జరిగితే ఎవరికి చెప్పమంటావు అని పదిహేడేళ్ళ కుర్రాణ్ణి అడిగితే, ఈ పేరొక్కటే రాసి ఓడెక్కాడు. నడిసముద్రంలో పదిహేనేళ్ళు నా వెనక ఉన్నది ఆ ఒక్క పేరే. ఈ మాట ఆవిడకి నేనెప్పుడూ చెప్పలేదు. చెప్పడానికేముందనుకున్నాను.

“మరి తప్పంటారేటి” అంది, గీత మీద వేలు తియ్యకుండా. “అదీ నానే గదా. పాత కాపీ పారీకు మావా.”

రెండు కాగితాలూ కలిపి ట్రంకు పెట్టెలో పెట్టాను.