గేర్‌బాక్సు మీద ఇనుప పొడి

నెలలు నిండిన వదినను ఎల్లుండి ఈ కారులోనే భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్తానని అన్న పట్టుబట్టాడు. అందుకే ఈ గ్రూపులో ఇప్పుడే రాస్తున్నాను.

పాత కారు ఇంజన్ తీసేసి, కరెంటు మోటారును గేర్‌బాక్సుకు నేనూ అన్నా కలిపాం. ఈ రోజు తిప్పి చూస్తే బాగానే తిరిగింది. ఆపి చూస్తే, నిన్న గట్టిగా బిగించిన బోల్టులు వేళ్లతోనే కదిలాయి. గేర్‌బాక్సుకు అమ్మ పెట్టిన కుంకుమ బొట్టు మీద మెరిసే ఇనుప పొడి అంటుకుని ఉంది.

“అన్నా, మోటారు షాఫ్టు, గేర్‌బాక్సు షాఫ్టు ఒక్క గీతల లేవు, రాసుకుంటున్నయ్. అడవిల ఆగిపోతే ఏం జేస్తం?”

“కొత్తది గదనే, తిరిగితే అదే సర్దుకుంటది. చదువుకున్నోళ్లకు అన్నీ అనుమానాలే.”

నన్ను చదివించింది ఆయనే మరి.

ఆ దారిలో ఫోన్లు కూడా కలవవు. ఇలాంటి పని చేసినవాళ్లు రేపు సాయంత్రంలోపు జవాబు రాయండి. అన్నకు చదివి వినిపించాలి.